"అంతా బాగుంది సార్": సంస్థలో నాయకత్వం పనిచేస్తోందో లేదో ఎక్కడ తెలుస్తుంది?

ఐటీ కంపెనీల్లో ఒక పాత జోకు ఉంది. ప్రాజెక్టు స్టేటస్ రిపోర్టు పుచ్చకాయ లాంటిదట. పైకి పచ్చగా ఉంటుంది, కోస్తే ఎర్రగా ఉంటుంది. వారం వారం పైకి వెళ్లే రిపోర్టులో అన్ని పనులూ ఆకుపచ్చ రంగులోనే, అంటే సజావుగానే, సాగుతుంటాయి. డెలివరీ దగ్గరపడ్డాక ఒక్కసారిగా అంతా ఎర్రబడుతుంది. ఇక అక్కడి నుంచి రాత్రిళ్లు, శని ఆదివారాలు ఆఫీసులోనే.

నిజానికి తేడా వచ్చిందని టెస్టింగ్ చేసే కుర్రాడికి రెండు నెలల ముందే తెలుసు. టీమ్ లీడ్‌కు చెప్పాడు కూడా. టీమ్ లీడ్ మేనేజర్‌తో "చిన్న ఇష్యూ ఉంది, చూసుకుంటాం" అన్నాడు. మేనేజర్ తన పైవాళ్లకు "కంట్రోల్‌లోనే ఉంది" అని మెయిల్ పెట్టాడు. క్లయింట్‌తో కాల్‌లో మాట్లాడిన పెద్దాయనకు ఆ "కంట్రోల్" అన్న ముక్క ఒక్కటే చేరింది. పచ్చి అబద్ధం ఎవరూ చెప్పలేదు. నొప్పించక తానొవ్వక అందరూ తలా కాస్త తీపి కలిపారంతే.

నాయకత్వం అనగానే మనకు గుర్తొచ్చేవి వేరే ఉంటాయి. వేదిక మీద అదరగొట్టే ఉపన్యాసం, దూరదృష్టి, తెగింపు, తెల్లవారుజామున నాలుగింటికే లేచే అలవాటు. వీటిలో కొన్ని ఉంటే మంచిదే, కాదనను. కానీ ఒక సంస్థలో నాయకత్వం పనిచేస్తోందో లేదో తెలియాలంటే నేను ముందు అడిగే ప్రశ్నలు రెండు. చెడు కబురు కింది నుంచి పైకి ఎంత త్వరగా, ఎంత కల్తీ లేకుండా చేరుతోంది? చేరాక దాని మీద ఏం జరుగుతోంది? వీటికి జవాబు బాగుంటే మిగతా లోపాలు చాలావరకు సర్దుకుంటాయి. బాగోలేకపోతే ఎంత గొప్ప విజన్ అయినా గోడ మీద ఫ్రేము కట్టుకోవడానికే.

ఫోర్డ్‌లో ఒక గురువారం

అలన్ ములాలీ 2006 సెప్టెంబర్‌లో బోయింగ్ నుంచి ఫోర్డ్ కార్ల కంపెనీకి వచ్చేసరికి అది మునిగే దశలో ఉంది. ఆ ఒక్క ఏడాదిలోనే నష్టం 1,200 కోట్ల డాలర్లు దాటింది. ఆయన ప్రతి గురువారం పెద్ద మేనేజర్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి విభాగం పరిస్థితి వాళ్లే రంగులు వేసి చూపించాలన్నారు. ప్లాన్ ప్రకారం సాగుతుంటే ఆకుపచ్చ, తేడా రావచ్చనిపిస్తే పసుపు, గాడి తప్పితే ఎరుపు. మొదట్లో వచ్చిన చార్టులన్నీ ఆకుపచ్చే. వందల కోట్ల డాలర్లు కరిగిపోతున్న కంపెనీలో బాగాలేనిది ఒక్కటీ లేదా అని చివరికి ఆయనే అడగాల్సి వచ్చింది.

ఆ మేనేజర్లను అని లాభం లేదు. అప్పటిదాకా ఫోర్డ్‌లో మీటింగులో సమస్య ఉందని ఒప్పుకోవడమంటే పోటీదారుడి చేతికి కత్తి అందించడమే. అలాంటి చోట ఉత్తర, దక్షిణ అమెరికాల వ్యాపారం చూసే మార్క్ ఫీల్డ్స్ ఒక ఎర్ర చార్టు తెచ్చారు. కెనడాలోని ఓక్‌విల్ ఫ్యాక్టరీలో తయారవుతున్న ఎడ్జ్ అనే కొత్త కారులో లోపం కనిపించింది, విడుదల ఆపాం అని దాని సారాంశం. గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. ఫీల్డ్స్ ఉద్యోగం ఊడినట్టేనని చాలామంది అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టారు. మార్క్‌కు ఎవరు సాయం చేయగలరని అడిగారు. పక్క విభాగాల వాళ్లు అక్కడికక్కడే ముందుకొచ్చారు. కొన్ని వారాలు గడిచేసరికి చార్టుల్లో పసుపులూ ఎరుపులూ వచ్చేశాయి.

ఈ కథ చెప్పేవాళ్లందరూ చప్పట్ల దగ్గర ఆగిపోతారు. చప్పట్లు కొట్టడం ఎంతసేపు పని? మరుసటి గురువారం కూడా ఫీల్డ్స్ అదే కుర్చీలో కూర్చుని కనిపించడమే అసలు సంగతి అని నాకనిపిస్తుంది. "నా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అని బాస్ వందసార్లు చెప్పినా, ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లినవాడికి అప్రైజల్‌లో ఏ రేటింగ్ వచ్చిందన్నదే ఆఫీసంతా గమనిస్తుంది. ఫీల్డ్స్ విషయంలో ఆ లెక్క బాగానే తేలింది. 2014లో ములాలీ దిగిపోయాక సీఈఓ కుర్చీ ఆయనకే దక్కింది.

ఇంకో ముక్క. ములాలీ మెతక మనిషి కాదు. ఆయన హయాంలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జాగ్వార్, ల్యాండ్ రోవర్ లాంటి పేరున్న బ్రాండ్లను అమ్మేశారు (కొన్నది మన టాటాలే). ఎర్ర చార్టు తెచ్చినవాడిని ఏమీ అనకపోవడం, చార్టు ఎరుపులోనే ఉండిపోతే ఊరుకోకపోవడం ఆయన దగ్గర పక్కపక్కనే నడిచాయి.

శ్రీహరికోటలో అందరికీ తెలిసిన కథ, పెద్దగా తెలియని సగం

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్. ఆ రోజు పత్రికల వాళ్ల ముందు కూర్చుని వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ధావన్. 1980 జులై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం "నువ్వెళ్లి మాట్లాడు" అని కలాంను పంపారు. ఈ సంగతి కలాం స్వయంగా ఎన్నో సభల్లో చెప్పారు. స్కూలు వార్షికోత్సవాల్లో వినీ వినీ మనకు కంఠతా వచ్చేసింది.

అదే కలాం చెప్పిన ఇంకో సగం అంతగా ప్రచారంలోకి రాలేదు. ప్రయోగానికి కాసేపటి ముందు కంప్యూటర్ కౌంట్‌డౌన్‌ను ఆపేసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు ఉన్నట్టు సూచన. వెనకాల కూర్చున్న నిపుణులు లెక్కలు చూసి, ఆ వ్యవస్థకు కావాల్సినదానికన్నా ఎక్కువే ఇంధనం నిల్వ ఉంది, ఫర్వాలేదు అన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగానికి సరే అన్నారు. తర్వాత జరిపిన విచారణలో తేలిందీ అదే. ఒక వాల్వు సరిగా మూసుకోకపోవడంతో ఆ నియంత్రణ వ్యవస్థలో వాడే ఆమ్లం కారిపోయింది, రెండో దశకు దిశను సరిచేసుకునే శక్తి లేకుండా పోయింది.

అంటే చెడు కబురు సమయానికే వచ్చింది. దాన్ని పక్కనపెట్టింది కూడా మంచి ఉద్దేశంతో, తెలివైనవాళ్ల సలహాతోనే. మన ఆఫీసుల్లో అయితే ఆ తర్వాత ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. "ఆ సంతకం ఎవరిది?" అన్న వేట మొదలయ్యేది. ఫైళ్లలో నోట్లు వెనక తేదీలతో పుట్టుకొచ్చేవి. వాల్వు సంగతి తెలిసిన ఇంజనీరు నోరు మెదిపేవాడు కాదు. శ్రీహరికోటలో వాల్వు దాకా వెళ్లగలిగారంటే, తమ దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పినవాళ్లు ఉండబట్టే. కంప్యూటర్ మాట కాదన్న ప్రాజెక్టు డైరెక్టరే, ఏడాది తిరక్కుండా జరిగిన తర్వాతి ప్రయోగానికీ డైరెక్టర్. నిందను పైవాడు మోయడం వల్ల కలాంకు ఊరట దొరికి ఉండొచ్చు. సంస్థకు దొరికింది మాత్రం అంతకన్నా విలువైనది. రాకెట్ ఎందుకు పడిపోయిందో అసలు కారణం.

ఇలాంటి చోట వ్యవహారం ఎలా చెడిపోతుందో చూడాలంటే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా షటిల్ ఛాలెంజర్ ప్రమాదం ఉంది. 1986 జనవరి 27 రాత్రి, రాకెట్ బూస్టర్లు తయారుచేసే మోర్టన్ థియోకోల్ ఇంజనీర్లు ఫోన్‌లో నాసా వాళ్లతో, చలి ఎక్కువగా ఉంది, రబ్బరు సీళ్లు పనిచేయకపోవచ్చు, దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే ఎగరేయవద్దు అన్నారు. నాసా నుంచి ఒత్తిడి వచ్చింది. థియోకోల్ పెద్దలు మధ్యలో విరామం తీసుకుని తమలో తాము మాట్లాడుకున్నారు. అప్పుడే ఒక పై అధికారి తోటి అధికారితో, ఇంజనీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు. నిర్ణయం తిరగబడింది. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకే షటిల్ ముక్కలైంది, ఏడుగురు పోయారు. ప్రయోగానికి చివరి మాట చెప్పే నాసా అధికారులకు ఆ రాత్రి ఇంజనీర్లు వద్దన్న సంగతే చేరలేదని విచారణ కమిషన్ తేల్చింది. మధ్య మెట్టు దగ్గరే వార్త ఆగిపోయింది.

సత్యం: అన్నీ ఉన్న నాయకుడు

ఇక మన ఊరి కథ. మేటి నాయకుడికి ఉండాలని మనం రాసుకునే జాబితా ఏదైనా తీసుకోండి, 2008 నాటి రామలింగరాజుకు దాదాపు అన్నిట్లోనూ టిక్కు పడేది. 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సత్యం కంప్యూటర్స్‌ను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా తీసుకెళ్లారు. 50 వేల మందికి పైగా ఉద్యోగులు. పల్లెల్లో పనిచేసే ఫౌండేషన్. 2005లో మొదలైన 108 అంబులెన్స్ సర్వీసు వెనక ఉన్నదీ ఆయనే. అది ఎన్ని ప్రాణాలు కాపాడిందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మెత్తగా మాట్లాడే మనిషి. 2008 సెప్టెంబర్‌లో, అంటే పేకమేడ కూలడానికి నాలుగు నెలల ముందు, పాలన బాగుందని కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారనుకోండి.

2009 జనవరి 7న ఆయన బోర్డుకు రాసిన ఉత్తరంలో బయటపడ్డ దొంగ లెక్క మొత్తం 7,136 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు బ్యాంకులో ఉన్నట్టు పుస్తకాల్లో చూపించిన, నిజానికి లేని డబ్బు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం చూపించారు. అసలు లాభం 61 కోట్లు. మొదట చిన్నగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి, పులి మీద స్వారీలా దిగితే ప్రాణం పోయే పరిస్థితి వచ్చిందని ఆయన రాసుకున్నారు. కొన్నేళ్ల కిందట ఏ ఒక్క త్రైమాసికంలోనైనా "ఈసారి లాభం తగ్గింది" అని ఒక్క చేదు మాట చెప్పి ఉంటే షేరు నాలుగు రోజులు పడి లేచేది. ఆ మాట చెప్పలేకపోవడమే గోరంతను కొండంత చేసింది.

ఇప్పటిదాకా నేను చెప్పిన సూత్రానికి ఇక్కడ ఒక మెలిక ఉంది. చెడు కబురు కింది నుంచి పైకి చేరకపోవడం సత్యం సమస్య కాదు. కబురు పుట్టిందే పైన. నాయకుడికి అన్నీ తెలుసు. ఆయన ఎవరికి చెప్పాలన్నదే ప్రశ్న. ఆయన పైన బోర్డు ఉంది, అందులో పేరున్న ప్రొఫెసర్లు, పెద్ద సాంకేతిక నిపుణులు ఉన్నారు. 2008 డిసెంబర్ 16న, రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి సత్యం కొనాలన్న ప్రతిపాదన ఆ బోర్డు ముందుకొస్తే ఆమోదించి పంపింది. ఐటీ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకని గట్టిగా అడ్డం తిరిగింది ఇన్వెస్టర్లు. ఆ గొడవకు కొన్ని గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. రెండు రోజుల తర్వాత, ఖాతాల్లో చూపించిన డబ్బు లేదంటూ మారుపేరుతో ఒక మెయిల్ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరికి చేరింది. వేల సంఖ్యలో నకిలీ ఇన్వాయిస్‌లు తయారైన కంపెనీలో ఆ సంగతి కొందరికైనా తెలియకుండా ఉండదు. ఇన్నేళ్లలో బోర్డు దాకా నడిచొచ్చిన నిజం అదొక్కటే, అదీ మారుపేరు పెట్టుకుని.

కాబట్టి నాయకుడు కింది వాళ్ల మాట వినడమొక్కటే చాలదు. నాయకుడిని కూర్చోబెట్టి నిలదీసే వాళ్లు, నిలదీసినా తమకేమీ కాదని ధీమా ఉన్నవాళ్లు కూడా ఉండాలి. మన దగ్గర ఇది మరీ కష్టం. వ్యవస్థాపకుడంటే ఇంటి పెద్దలాగా చూస్తాం. ఆయన్ను ప్రశ్నిస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అనుకుంటాం. చిన్న ప్రైవేటు కాలేజీ నుంచి పెద్ద నిర్మాణ కంపెనీ దాకా ఇదే వరస.

జనవరి 7 తర్వాత ఏం జరిగిందన్నది నాకు అంతకన్నా ఆసక్తికరం. షేరు ఒక్క రోజులో దాదాపు 78 శాతం పడిపోయింది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి, కొద్ది రోజుల్లోనే దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్, తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎల్‌ఐసీ నుంచి ఎస్.బి. మైనాక్‌లను నియమించింది. ఉద్యోగుల్లో నూటికి తొంభై మంది వీళ్లను ముందెన్నడూ చూసి ఉండరు. ఆకర్షణ, ఉపన్యాసం, విజన్ డాక్యుమెంటు ఏవీ లేవు. ఖాతాలు నమ్మడానికి లేవు కాబట్టి బ్యాంకులో ఎంతుందో, ఎవరికి ఎంత బాకీయో కూడా తెలియదు.

వాళ్లు చేసిన పనులు వరసగా చూస్తే పొడిపొడిగా ఉంటాయి. ముందు జనవరి జీతాలు. మాదాపూర్‌లో, చెన్నైలో, అమెరికాలో క్లయింట్ ఆఫీసుల్లో కూర్చున్న వేల మంది మనసులో ఉన్న ఒకే ప్రశ్న అది, ఇంటి ఈఎంఐ కట్టగలమా లేదా అని. జీతాలు పడ్డాయి. తర్వాత బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు తెచ్చారు. లెక్కలు మళ్లీ రాయించడానికి వేరే ఆడిటింగ్ సంస్థలను పెట్టారు. ఫిబ్రవరి 5న కొత్త సీఈఓను ప్రకటించారు. బయటి నుంచి పెద్ద పేరును తెస్తారని అంతా అనుకుంటుంటే, 1994 నుంచి అదే కంపెనీలో ఉన్న ఎ.ఎస్. మూర్తిని కూర్చోబెట్టారు. ఆయన పక్కన బయటివాళ్లు ఇద్దరిని సలహాదారులుగా పెట్టారు. లోపల ఎవరికి ఏ పని వచ్చో తెలిసిన మనిషి, లోపలి మొహమాటాలు లేని మనుషులు, ఇద్దరూ కావాలన్నది అందులోని ఆలోచన అయి ఉంటుంది. నాకు ఆ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

కంపెనీని అమ్మిన తీరూ గమనించాలి. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో వేలం జరిపారు. ఏప్రిల్ 13న సీల్డ్ కవర్లు తెరిస్తే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలు కోట్ చేశాయి. ఉత్తరం బయటపడ్డ నాటి నుంచి 96 రోజులు. ఇదంతా నొప్పి లేకుండా జరిగిందని కాదు. కొందరు క్లయింట్లు వెళ్లిపోయారు, కొత్త యాజమాన్యం వచ్చాక వేలాది మంది తక్కువ జీతంతో బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, గడిపారు. దాచుకున్న డబ్బు షేర్లలో పెట్టినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకు, ఆయన సోదరుడికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. కానీ కంపెనీ బతికింది. దాన్ని బతికించింది ఎవరు అంటే ఒక్క పేరు చెప్పలేం. ఆ ఆరుగురితో పాటు, టీవీల్లో రోజంతా తమ కంపెనీ గురించి వస్తుంటే విని కూడా మర్నాడు క్లయింట్ కాల్‌కు హాజరైన ప్రాజెక్టు మేనేజర్లు అందులో ఉన్నారు.

పేరు ఎవరికి వెళ్తుంది

ఒక్క పేరు చెప్పలేకపోవడం మనకు నచ్చదు. జేమ్స్ మైండ్ల్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 1985లో దీని మీదే రాశాడు. సంస్థ బాగా పైకి వెళ్లినా, బాగా కిందపడినా జనం దాన్ని నాయకుడి ఖాతాలో వేస్తారని, మార్కెట్, అదృష్టం, వందల మంది పని, ఇవేవీ లెక్కలోకి రావని. సత్యం బాగా సంపాదిస్తోందని అందరూ అనుకున్నంత కాలం రాజు మౌనం కూడా గాంభీర్యంగానే కనిపించింది.

మంచి నాయకుల విషయంలోనూ ఈ పొరపాటు జరుగుతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగులను ఒకరి మీద ఒకరిని పోటీకి పెట్టి, జట్టులో కొందరికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ ఇచ్చే పద్ధతి ఉండేది. దాన్ని ఎత్తేసింది మన సత్య నాదెళ్ల అని చాలామంది చెబుతుంటారు. అది రద్దయింది 2013 నవంబర్‌లో, స్టీవ్ బామర్ ఇంకా సీఈఓగా ఉండగా. నాదెళ్ల వచ్చింది 2014 ఫిబ్రవరిలో. నాదెళ్లను మెచ్చుకోవాలంటే నేను వేరే సంగతి ఎంచుకుంటాను. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక సభలో, మహిళలు జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్మాలన్నట్టు మాట్లాడి విమర్శల పాలయ్యారు. ఆ రోజే ఉద్యోగులందరికీ మెయిల్ పెట్టి, నేను చెప్పింది పూర్తిగా తప్పు, పెంపు కావాలనిపిస్తే అడగాల్సిందే అన్నారు. "నా మాటలను వక్రీకరించారు" అనలేదు. ఈ ఒక్క వాక్యం అనకుండా ఉండటం మన దగ్గర ఎంత అరుదో మీకూ తెలుసు.

అయితే పైవాళ్లకు ప్రాధాన్యమే లేదా అంటే, ఉంది. గూగుల్ ఈ ప్రయోగం చేసి చూసింది. మేనేజర్లు దండగ అనుకుని 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేశారు. ఖర్చుల బిల్లుల నుంచి ఉద్యోగుల తగాదాల దాకా అన్నీ నేరుగా ల్యారీ పేజ్ దగ్గరికి రావడంతో కొన్ని నెలల్లోనే ఆ ముచ్చట తీరిపోయింది. తర్వాత కొన్నేళ్లకు అదే కంపెనీ, మంచి మేనేజరుకు ఏ లక్షణాలుంటాయో తన సొంత రికార్డులు, సర్వేలు తవ్వి చూసింది. తేలిన ఎనిమిది లక్షణాల్లో సాంకేతిక ప్రతిభ చివర నిలిచింది. పని నేర్పించే ఓపిక మొదట వచ్చింది. బాగా కోడ్ రాసేవాడిని మేనేజర్ చేసి, ఆరు నెలలకు మంచి ప్రోగ్రామర్‌నూ మంచి టీమ్‌నూ రెంటినీ పోగొట్టుకునే మన కంపెనీలు ఈ ముక్క కాస్త చదువుకోవాలి.

నోరు ఎందుకు లేవదు

హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేసింది. సిబ్బంది మధ్య పొత్తు బాగున్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తీస్తే తిరగబడింది. బాగా పనిచేసే వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. లోతుగా చూస్తే అర్థమైంది, ఆ వార్డుల్లో పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, జరిగినవి బయటికి చెబుతున్నారు. మిగతా చోట్ల హెడ్ నర్సు అరుస్తుందని భయపడి దాచేస్తున్నారు.

దీన్ని మన ఆఫీసులకు అన్వయిస్తే కొంచెం టెన్షన్ పుట్టాలి. ఫిర్యాదులు సున్నా, ప్రమాదాలు సున్నా, ఎస్కలేషన్లు సున్నా అని చూపించే విభాగానికి మనం షీల్డు ఇస్తాం. ఆ సున్నాకు రెండు అర్థాలున్నాయి, ఏది నిజమో కాగితం మీద తెలియదు. కింది స్థాయి ఉద్యోగి వైపు నుంచి చూస్తే లెక్క చాలా తేలిక. నోరు తెరిస్తే నష్టం తనకి, ఈరోజే. మూసుకుంటే నష్టం కంపెనీకి, ఎప్పుడో. ఛాంబర్‌లోకి వెళ్లే ముందు అటెండర్‌ని "సార్ మూడ్ ఎలా ఉంది?" అని అడిగే ఆఫీసులో, మూడ్ బాగున్న రోజు దాకా కబురు బయటే నిలబడి ఉంటుంది. ఈ లెక్కను పోస్టర్లు, మోటివేషన్ క్లాసులు మార్చలేవు. చెప్పినవాడికి నష్టం లేదని పదిమంది కళ్లారా చూడాలి, అదొక్కటే మారుస్తుంది.

చట్టం కొంత పనిచేసింది. సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ, ఉద్యోగులు భయం లేకుండా అక్రమాలను చెప్పుకునే ఏర్పాటు చేయాలి. ఆడిటర్లను కొన్నేళ్లకోసారి మార్చాలి. ఇవి అవసరమే. కానీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ పాలసీ పీడీఎఫ్ ఉండటం వేరు, ఒక జూనియర్ అకౌంటెంట్ దాన్ని నమ్మి మెయిల్ కొట్టడం వేరు.

నాలుగైదుగురి టీమ్ నడిపేవాళ్లు బోర్డు దాకా పోనక్కర్లేదు. మీటింగు చివర "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే వచ్చేది మౌనమే, అది ప్రశ్న కాదు, లేచి వెళ్లమనే సైగ. "ఈ తేదీకి పని అవ్వకపోతే దేనివల్ల అవ్వదు, తలా ఒకటి చెప్పండి" అంటే అందరూ ఏదో ఒకటి చెప్పక తప్పదు, అందులో ఒకటి నిజంగా జరగబోయేదే అయి ఉంటుంది. బాస్ తన అభిప్రాయం ముందే చెప్పేస్తే మిగతావాళ్లు తల ఊపడానికే మిగులుతారు కాబట్టి, జూనియర్లతో మొదలుపెట్టి చివర తాను మాట్లాడటం మేలు. విన్నాక నిర్ణయం మాత్రం తానే తీసుకోవాలి, ఎందుకు తీసుకున్నాడో చెప్పాలి. అందరి మాటా విని నెలల తరబడి ఏదీ తేల్చని బాస్, ఎవరి మాటా వినని బాస్ కన్నా మంచివాడేమీ కాదు. చెప్పీ చెప్పీ విసిగినవాళ్లు కూడా చివరికి నోరు మూసుకుంటారు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకూ ఇందులో ఒక ఉపయోగం ఉంది. ఇంటర్వ్యూ చివర "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అన్నప్పుడు చాలామంది జీతం గురించో, వర్క్ ఫ్రమ్ హోమ్ గురించో అడుగుతారు. వాటితోపాటు, "ఈ టీమ్‌లో కింది స్థాయి వాళ్లెవరైనా చెప్పడం వల్ల ప్లాన్ మారిన సందర్భం చివరిసారి ఎప్పుడు వచ్చింది?" అని అడిగి చూడండి. మంచి చోట మేనేజర్ కాస్త ఆలోచించి, నవ్వుకుంటూ ఫలానా రిలీజ్ గురించి, ఫలానా అమ్మాయి పట్టుకున్న తప్పు గురించి చెబుతాడు. "మా దగ్గర అందరి అభిప్రాయాలకూ విలువ ఉంటుంది" అన్న జవాబు వస్తే, జీతం ఇంకాస్త ఎక్కువ అడగండి.